రెండక్షరాలు, రెండు చుక్కలు

రుషికొండ,
6 జనవరి 2025.

పూజ్యులు పెదనాన్నగారికి శ్రీసత్య నమస్కారాలు.

ఈ ఉత్తరంతో వచ్చిన పెద్ద కవరు చూసి ఎవరి శుభలేఖల ప్రూఫులో అనుకోకండి. మన ఇంట్లో పెళ్ళి కావలసినవాళ్ళు ఇప్పట్లో ఎవరూ లేరు. ఇది నా కాలేజీ పని. మీకు ఇష్టమైనా కాకపోయినా మీ మెడకు చుడుతున్నాను.

మా ఫైనలియర్ పిల్లలు చదువు ముగించేముందు ఒక పాటకి వీడియో తియ్యాలి. దానికో పోస్టరు, ఒక సీడీ కవరు తయారుచెయ్యాలి. సీడీలు కొనేవాళ్ళు ఎవరూ లేరని నాకూ తెలుసు, కానీ సిలబస్ మార్చేవాళ్ళకి ఇంకా తెలియదు. చివర్లో తమ పనిని తామే బేరీజు వేసుకుంటూ ఒక రిపోర్టు రాయాలి. వీడియోకి నేను మార్కులు వేస్తాను. అచ్చు సామగ్రికి బయటి పరీక్షకుడు వెయ్యాలి. ఏటా వచ్చేవారు ఈసారి రామన్నారు. పేపర్లో ముప్ఫై ఒక్క ఏళ్ళు ప్రూఫులు దిద్దిన మా పెదనాన్న ఉన్నారని ప్రిన్సిపాల్‌కి చెప్పాను. వెంటనే ఒప్పుకున్నారు.

చెవులు పనిచెయ్యనివాడు పాటకి పరీక్షకుడేమిటని మీరు నవ్వుతారు. పాట సంగతి నాకొదిలెయ్యండి. మీరు అక్షరాలు చూడండి. పోస్టరూ కవరూ అచ్చుకి వెళ్ళేముందు మీరు చెప్పినవన్నీ దిద్దుతారు. ఫోనులో మీకు వినపడదు కనుక అన్నీ ఉత్తరంలోనే రాయండి. పెద్దమ్మ పోయాక మీరు మనసు విప్పి మాట్లాడేది ఉత్తరాల్లోనే కదా.

కవర్లో ఉన్నది ఇద్దరు పిల్లల పని. అనూరాధది పెదజాలారిపేట, చేపలవేట కుటుంబం. అనిరుధ్ స్టీల్‌ప్లాంట్ క్వార్టర్స్ కుర్రాడు, కెమెరా, పోస్టరు అతనివి. పాట పాడింది అనూరాధ వాళ్ళ నాన్న తాతబాబు. వల బాగుచేసుకుంటూ పాడుతుంటే ఆ అమ్మాయి ఎప్పుడో ఫోనులో పట్టుకుంది. తెర మీద కనిపించేది వాళ్ళమ్మ పోతమ్మ ఒక్కతే. మీకు వినపడదు కనుక పల్లవి రాస్తున్నాను.

ఒత్తన్నానే నానొత్తన్నానే
ఒడ్డు కనపడతందే
పొద్దుగుంకే యేలకొత్తన్నానే
పొయ్యిమీద ఎసరెట్టీయే

మిగతాది ఆ అమ్మాయే రిపోర్టులో రాసుకుంది. నేను ముందే చెప్పను. చెబితే మీ పెన్ను మెత్తబడుతుంది, అది మిగతా పిల్లలకి అన్యాయం.

ఇట్లు,
శ్రీసత్య


రామచంద్రపురం,
18 జనవరి 2025.

చి. శ్రీసత్యకు పెదనాన్న ఆశీస్సులు.

కవరు అందింది. మీ అక్క కీర్తన ఆఫీసు నుంచి వచ్చాక తన కంప్యూటర్లో వీడియో వేసి చూపించింది. మూడుసార్లు చూశాను. నాకు అదంతా మూకీయే కాబట్టి పోతమ్మగారి చేతులే చూస్తూ కూర్చున్నాను. గిన్నె తోమడం, నీళ్ళు పొయ్యడం, మూత పెట్టడం, గుమ్మంలోకి వచ్చి నిలబడటం. ఆవిడ నటించిందని ఎవరైనా అంటే నేను నమ్మను. చూసినంతసేపూ వేరే ధ్యాస లేదు.

ఇక నా పని. పోస్టరు మీద ఫొటో బాగుంది. వల కుట్టే సూది పంట కరుచుకుని నవ్వుతున్న మనిషిని చూస్తే ఎవరికైనా ఆగాలనిపిస్తుంది. కానీ అక్షరదోషాలు పదకొండు. దర్శకత్వం అన్న మాటలో రకారం ఎగిరిపోయింది, దర్శకుడు కూడా ఎగిరిపోకుండా చూసుకోమను. కవరు వీపు మీద పేరు తలకిందులుగా ఉంది. 'ఎసరెట్టీయే' అన్న శీర్షిక పాటలో ఎలా ఉన్నా ఫరవాలేదు గాని పోస్టరు మీద 'ఎసరు పెట్టవే' అని ఉండాలి.

వీడియో చివర్లో ఒక లోపం కనిపించింది. ఎసరు మరుగుతుంది, మూత ఎగిరెగిరి పడుతుంది, ఆవిడ బియ్యం మాత్రం పొయ్యదు. గిన్నె దింపేస్తుంది. ఆ ముక్క తియ్యడం మరిచిపోయారా?

అన్నిటికంటే పెద్ద తప్పు గాయకుడి పేరు. 'గానం: తాతబాబు' అని వదిలేశారు. రిపోర్టులో ఆ అమ్మాయి 'మా నాన్న మూడేళ్ళ క్రితం వేటకి వెళ్ళాడు, ఇంకా రాలేదు' అని రాసింది. చదివి మనసు కలుక్కుమంది. నడిసముద్రంలోకి వెళ్ళిన మనిషి మూడేళ్ళు రాలేదంటే ఇక తెలియనిదేముంది? అటువంటప్పుడు పేరు ముందు కీ.శే. వెయ్యాలి. పోయినవారి పేరు మామూలుగా వెయ్యడం వారికి అమర్యాద. అందుకని ఒక మార్కు తగ్గించాను. 'ఇంకా రాలేదు' అన్నచోట 'ఇంకా' కూడా అనవసరం. 'రాలేదు' అంటే చాలు. కొట్టేశాను.

నా గుర్తులు పిల్లలకి తెలియవేమో. మాట మీద తోకున్న గీత ఉంటే తీసెయ్యమని. కొట్టేసిన మాట కింద వరసగా చుక్కలు పెడితే, కొట్టడం నా పొరపాటు, దాన్ని అలాగే ఉండనివ్వమని. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఆ చుక్కలు పెట్టవలసిన అవసరం నాకు పెద్దగా రాలేదు.

ఇరవైకి పద్నాలుగు.

ఆశీస్సులతో,
అచ్యుతరామయ్య


రుషికొండ,
3 ఫిబ్రవరి 2025.

పెదనాన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం క్లాసులో చదివి వినిపించాను. దర్శకుడు ఎగిరిపోవడం దగ్గర పిల్లలు ఒకటే నవ్వు. అనిరుధ్‌ని రెండు రోజులు 'ఎగిరిపోయిన దర్శకుడు' అనే పిలిచారు.

శీర్షిక దగ్గర మాత్రం అనూరాధ మొండికేసింది. "ఎసరు పెట్టవే అని పిలిస్తే మా అమ్మ పలకదు మేడమ్. ఎవురో కొత్త మనిషి పిలుత్తన్నాడనుకుంటది" అంది. ఆ ఒక్కటి మీరు ఒప్పుకోవాలి. నేను మాట ఇచ్చేశాను.

బియ్యం సంగతి చెబుతాను. అది లోపం కాదు, ఆ ఇంటి పద్ధతి. బోటు ఒడ్డుకి దగ్గరవుతుంటే దాని జెండా రంగు ఇంటి గుమ్మంలోకే కనిపిస్తుందట. కనిపించగానే పోతమ్మ లోపలికెళ్ళి ఎసరు పెట్టేదట. మనిషి గుమ్మంలో కాలు పెట్టాకే బియ్యం పొయ్యడం. ఆలస్యమైతే నీళ్ళు మళ్ళీ పోస్తుంది గాని ముందుగా బియ్యం మాత్రం పొయ్యదు. ఈ మూడేళ్ళుగా ఆవిడ పొద్దుగుంకే వేళకి రోజూ ఎసరు పెడుతోంది. మరిగాక దింపేసి, ఆ నీళ్ళతో గిన్నెలు కడుక్కుని, తమ ఇద్దరికీ వేరే గిన్నెలో వండుకుంటుంది. పిల్లలు కెమెరా పెట్టి ఆ పని తీశారు, అంతే.

మీరు చెప్పిన మిగతావన్నీ అనిరుధ్ దిద్దేశాడు. కీ.శే. కూడా వేశాడు. ఆ రోజు నేను హాజరు పట్టీలు సరిచూసుకుంటుంటే అనూరాధ వచ్చి, "మేడమ్, ఇది కంపల్సరీయా?" అని అడిగింది. పెదనాన్నగారు ఊరికే రాయరు, వేసెయ్యండి అన్నాను. సరేనని తల ఊపి వెళ్ళింది. అరవై పోస్టర్లు అచ్చయి వచ్చాయి. పద్నాలుగో తేదీ సాయంత్రం కాలేజీలో అన్ని వీడియోలూ వేస్తున్నాం. పోతమ్మ కూడా వస్తోంది.

మీరు కూడా ఉంటే బాగుండేది.

శ్రీసత్య


రామచంద్రపురం,
11 ఫిబ్రవరి 2025.

చి. శ్రీసత్యకు ఆశీస్సులు.

శీర్షిక విషయంలో నువ్వే గెలిచావు. అర మార్కు కలిపాను.

ఎసరు సంగతి చదివాక వీడియో మళ్ళీ వేయించుకుని చూశాను. ఇంతటి విషయం నువ్వు ముందే రాసి ఉండవలసింది. అయినా నా అభిప్రాయం మారదు. ఆవిడ ఎదురుచూడటం ఆవిడిష్టం, దాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. అచ్చు వేరు. అచ్చులో నిజమే ఉండాలి. ఇంటిల్లిపాదికీ కష్టంగా ఉంటుందని నిజాన్ని ఆపుకుంటూ పోతే పేపర్లో ఒక్క వార్తా వెయ్యలేం. నేను ఉద్యోగంలో చేరిన మొదటివారంలో మా పెద్దాయన చెప్పిన మాట ఇది.

కీ.శే. వెంటనే వేయించినందుకు సంతోషం. ప్రదర్శన ఎలా జరిగిందో రాయి.

అచ్యుతరామయ్య


రుషికొండ,
21 ఫిబ్రవరి 2025.

పెదనాన్నగారికి,

ప్రదర్శన ఎలా జరిగిందో రాయమన్నారు. రాస్తున్నాను.

పోతమ్మ తన మరిది మోహన్‌ని వెంటబెట్టుకుని వచ్చింది. ఆకుపచ్చ చీర, చేతి నిండా గాజులు, రూపాయంత బొట్టు. హాలు గుమ్మం పక్కన నాలుగడుగుల పోస్టరు కట్టాం. మొగుడి ఫొటో అంత పెద్దగా చూసి ఆవిడ చాలాసేపు అక్కడే నిలబడిపోయింది. ఆవిడకి చదువు రాదు. కింద పేరుందా అని అడిగితే మోహన్ వేలు పెట్టి చదవబోయాడు. మొదటి రెండక్షరాల దగ్గరే ఆగిపోయి అనూరాధ వైపు చూశాడు.

"ఆ ముందరున్న రెండచ్చరాలూ ఏటి?" అంది పోతమ్మ. "మీ అయ్య పేరు తాతబాబు కదా. ముందరేదో ఉందే."

నేను పక్కనే ఉన్నాను పెదనాన్నా. అప్పటిదాకా నాకు వెలగలేదు. ఎసరు కథంతా నా చేత్తోనే మీకు రాసి, ఆ తర్వాతి పేరాలోనే కీ.శే. వేయించానని మీకు గొప్పగా చెప్పుకున్నానే, నాకా బుద్ధి అప్పుడెందుకు లేకపోయిందో తెలియదు. అనూరాధే చెప్పింది.

"అది బిరుదమ్మా. బాగా పేరొచ్చినోల్లకి ఏత్తారు. కీర్తి అని."

పోతమ్మ నమ్మింది. ఆ రెండక్షరాలనీ అరచేత్తో తడిమింది. "మీ అయ్యకా? వల కుట్టుకునేవోడికా?" అని నవ్వింది. పాట వేసినంతసేపూ ఏడవలేదు. అయిపోయాక నా రెండు చేతులూ పట్టుకుని, "నువ్వేయించేవంట కదమ్మా ఈ బిరుదు. సల్లగుండు" అంది.

నాకు సిగ్గేసింది. ఇంటికొచ్చి అన్నం తినలేకపోయాను.

ఆవిడ ఆరు పోస్టర్లు అడిగి పట్టుకెళ్ళింది. ఒకటి తలుపుకి, ఒకటి టీకొట్టుకి, మిగతావి హార్బరులో ఐసు అమ్మే చోట అంటించింది. పొద్దున్న చేపలబుట్టతో కూర్చుని వచ్చినవాళ్ళందరికీ చెబుతోందట, మా ఆయనకి కీర్తి బిరుదిచ్చేరని. చదువొచ్చినవాళ్ళు తల దించుకుని చేపలు కొనుక్కుని పోతున్నారు. నిజం చెప్పడానికి ఒక్కరికీ నోరు రావడం లేదు. మోహన్ నిన్న కాలేజీకి వచ్చాడు. "ఇప్పుడేటి సేత్తాం మేడమ్? అవి పీకేత్తే బిరుదెందుకు తీసేసేరంటది. ఉంచితే ఏదో ఓ రోజు తెలుత్తాది. నా నోటితో మాత్రం నాను సెప్పలేను" అన్నాడు. తాతబాబు అతనికి అన్న కదా. అతనికీ దుఃఖం ఉంది.

అచ్చులో నిజమే ఉండాలని రాశారు. నేను మూడేళ్ళుగా దాచుకున్న మాట ఒకటి ఇవాళ అనేస్తాను. మా తమ్ముడు వాసు పెళ్ళి శుభలేఖ మీరే దిద్దారు. ఆహ్వానించేవారిలో మొదటి పేర్లు మీవి. 'శ్రీమతి చిట్టెమ్మ, శ్రీ అచ్యుతరామయ్య దంపతులు.' అప్పటికి పెద్దమ్మ పోయి పదకొండు నెలలు. ఆ పేరు ముందు కీ.శే. లేదు. నాలుగు వందల శుభలేఖలు అలాగే పంచాం. పెళ్ళిలో ఎవరో ముసలావిడ పెద్దమ్మ రాలేదేమని అడిగితే అమ్మ లోపలికెళ్ళి ఏడ్చింది. నాన్న మాత్రం, అన్నయ్యని ఎవరూ ఏమీ అడగొద్దు అన్నాడు. అందుకే ఎవరం అడగలేదు.

పోతమ్మకి ఒక న్యాయం, మీకొక న్యాయమా?

ఈ ఉత్తరం చింపేద్దామని రెండుసార్లు అనుకున్నాను. పంపుతున్నాను.

శ్రీసత్య


రామచంద్రపురం,
2 మార్చి 2025.

చి. శ్రీసత్యకు,

నీ ఉత్తరం అందింది.

శుభలేఖలో జరిగింది ప్రెస్సువాడి పొరపాటు. ప్రూఫులో సరిగానే ఉంది, వాడు దిద్దలేదు. అటువంటివి జరుగుతుంటాయి. ఆ సంగతి ఇక ఎత్తవద్దు.

పోస్టరు గురించి. ఆవిడకి ఎవరు చెప్పాలి, ఎప్పుడు చెప్పాలి అన్నది పరీక్షకుడు తేల్చేది కాదు. అక్కడున్నదానివి నువ్వు. నీకు తోచినట్టు చెయ్యి.

కళ్ళు మసకగా ఉన్నాయి. ఇంతటితో ఆపుతాను.

అచ్యుతరామయ్య


రుషికొండ,
25 మార్చి 2025.

పెదనాన్నగారికి నమస్కారాలు.

మీ మనసు నొప్పించాను. క్షమించండి. శుభలేఖ సంగతి ఇక ఎత్తను.

నేనేం చెయ్యాలో తోచక రోజులు వాయిదా వేస్తూ కూర్చున్నాను. ఇంతలో పోతమ్మకి తెలిసిపోయింది. చెప్పింది మనవాళ్ళెవరూ కాదు. అనూరాధ ఏడుస్తూ చెప్పినదీ, నేను వెళ్ళి చూసినదీ కలిపి రాస్తున్నాను.

కూతురి చదువు గట్టెక్కాలని మెట్లకి పసుపు కుంకుమ పెడతానని పోతమ్మ సింహాచలం అప్పన్నకి మొక్కుకుంది. పోయిన శనివారం తల్లీకూతుళ్ళు ఇద్దరూ మెట్లదారిన బయల్దేరారు. ఒక్కో మెట్టుకీ వంగి పసుపు రాసి బొట్టు పెట్టుకుంటూ ఎక్కడం. ఆ మెట్ల మీద కట్టించినవాళ్ళ పేర్లు చెక్కి ఉంటాయి. అనూరాధకి ఆ సంగతి తెలిసినా ఆ సమయానికి తోచలేదట. కొంత దూరం ఎక్కాక పోతమ్మ ఒక మెట్టు మీద పసుపు రాస్తూ ఆగింది. చదువు రాకపోయినా ఆ రెండక్షరాలూ రెండు చుక్కలూ ఆవిడకి బాగా తెలుసు. నెల రోజులుగా తలుపు మీద పొద్దున్నా సాయంత్రం చూస్తోంది.

"ఇదిగోనే, మీ అయ్య బిరుదు. ఈ బాబుకీ ఇచ్చేరు" అందట సంతోషంగా.

నాలుగు మెట్ల పైన మళ్ళీ ఉంది. ఆ పైన ఇంకోటి. అనూరాధ తొందరపెట్టి పైకి లాగబోయింది. పోతమ్మ కదల్లేదు. మెట్ల పక్కన కూర్చుని అలుపు తీర్చుకుంటున్న ఒక పెద్దాయన్ని అడిగింది.

"బాబూ, ఈ బిరుదున్నోల్లందరూ ఎక్కడుంటారు?"

"ఉండడమేటమ్మా. పోయినోల్లు. ఆల పేరు మీద పిల్లలు మెట్లు కట్టించేరు" అన్నాడాయన.

పోతమ్మ ఆ మెట్టుకి పసుపు రాయడం పూర్తిచేసింది, బొట్టు పెట్టింది. అక్కణ్ణుంచి కొండపైదాకా ఒక్క మెట్టు కూడా వదల్లేదు. దర్శనం చేసుకుంది. ఇంటికి వచ్చి తలుపు ముందు నిలబడ్డాక అడిగింది.

"నీకు తెలుసా?"

"తెలుసమ్మా."

"మరి అబద్దం సెప్పేవేటి?"

అనూరాధ ఆవిడ కాళ్ళు పట్టుకుని ఏడ్చింది. పోతమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, పోస్టరు మీద ఆ రెండక్షరాలున్నచోట మాత్రం తడిపి, గోటితో గీకేసింది. చుక్కలు కూడా వదల్లేదు. "పేరుండనీ. ఆ రెండూ నాకొద్దు" అంది.

ఆ సాయంత్రం మామూలుగానే ఎసరు పెట్టింది. నీళ్ళు మరిగాయి. గుమ్మంలోకి రాలేదు, ఒడ్డు వైపు చూడలేదు. డబ్బాలోంచి బియ్యం తీసి కడిగి ఆ గిన్నెలోనే పోసేసింది. మూడేళ్ళలో ఆ గిన్నెలో అన్నం ఉడకడం అదే మొదలట. ఇద్దరూ తిన్నారు.

నేను ఆదివారం వెళ్ళాను. చేతికి గాజులు అలాగే ఉన్నాయి, బొట్టూ ఉంది. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేది. చాప వేసి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. ఆ పని నాదేనని చెప్పాను. కాదు, అక్షరాలు దిద్దేది మీ పెద్దాయనని అనూరాధ చెప్పింది, నాకు తెలుసు అంది. తర్వాత ఆవిడన్న మాట మీకు ఉన్నదున్నట్టు రాయాలి.

"ఆ బాబుకి సెప్పమ్మా, ఆయన రాసింది తప్పని నాను అన్ను. నాకూ తెలీదేటి? మూడేల్లు. తప్పు కాదు గానీ తొందర. ఇంకా అని నా కూతురు రాత్తే కొట్టేసేడంట కదా. అంత తొందరేటి? ఆయన ఎవురికోసవూ ఎదురు సూడ్లేదేటో, పాపం."

ఆ పాపం అన్నది మీ గురించే పెదనాన్నా. కోపం లేదు ఆ మాటలో. నేను బస్సెక్కి రుషికొండ దాకా ఏడుస్తూనే ఉన్నాను.

మార్కుల పట్టీ పై వారం పంపాలి. మీ సంతకం ఒకటి కావాలి.

శ్రీసత్య


రామచంద్రపురం,
31 మార్చి 2025.

చి. శ్రీసత్యకు పెదనాన్న ఆశీస్సులు.

మార్కుల పట్టీ, అనూరాధ రిపోర్టు ఈ కవర్లోనే పంపుతున్నాను. ముందు ఆ పని చెబుతాను, తర్వాత నా సంగతి.

రిపోర్టు మూడో పేజీ తీసి చూడు. 'ఇంకా' అన్న మాట కింద చుక్కలు పెట్టాను. అవి కాస్త వంకరపోయాయి గాని చుక్కలే. దాన్ని అలాగే ఉండనివ్వాలి. కీ.శే. లేనందుకు తగ్గించిన మార్కు, బియ్యం పొయ్యనందుకు మనసులో తగ్గించినది, అన్నీ కలిపి పదిహేడు చేశాను. దిద్దినచోట పరీక్షకుడు సంతకం చెయ్యాలి, చేశాను. మిగిలిన పోస్టర్లు ఎవరికీ ఇవ్వకు.

ఇప్పుడు శుభలేఖ. నువ్వు ఎత్తనన్నావు కాబట్టి నేనే ఎత్తుతున్నాను.

ప్రెస్సువాడి పొరపాటని నీకు అబద్ధం రాశాను. ఆ కుర్రాడి పేరు వీరేంద్ర, బుద్ధిమంతుడు. మొదటి ప్రూఫులోనే కీ.శే. పద్ధతిగా వేసి పంపాడు. నేనే కొట్టేశాను. నేను పొరబడ్డానని వాడనుకుని రెండోదాంట్లో మళ్ళీ వేశాడు. మళ్ళీ కొట్టేశాను. మూడోసారి ఫోను చేసి, "మాస్టారూ, అమ్మగారు పోయారు కదండీ" అన్నాడు. అప్పటికి నా కుడిచెవి పనిచేస్తూనే ఉంది. వినపడింది. వినపడలేదన్నాను. వినపడలేదు, వినపడలేదు అని నాలుగుసార్లు అని ఫోను పెట్టేశాను. ఆ తర్వాత కొన్నాళ్ళకి చెవులు నిజంగానే పోయాయి. మీ పెద్దమ్మ ఉంటే అబద్ధమాడినందుకు శాస్తి అని నవ్వేది.

ఎందుకు కొట్టేశానంటే చెప్పడానికి గొప్ప కారణమేమీ లేదు. మిగతా పేర్లన్నీ చదువుకుంటూ వచ్చి ఆ రెండక్షరాల దగ్గరకి వచ్చేసరికి పెన్ను దానంతటదే గీత గీసేసింది. పోతమ్మగారికి ఒడ్డు ఉంది, ఎదురుచూడటానికి సముద్రం ఉంది. నాకవేవీ లేవు. చిట్టెమ్మని నా చేతులతోనే సాగనంపాను. రాదని పూర్తిగా తెలిసి కూడా ఎదురుచూశాను. అది ఎవరితోనూ చెప్పుకునే సంగతి కాదు గనక, ఇతరుల పేర్ల ముందు కీ.శే. పెట్టడంలో నేను మరీ గట్టిగా ఉండేవాణ్ణి. ఆ గట్టితనం తీసుకెళ్ళి ఏ పాపమూ ఎరగని మనిషి తలుపు మీద పెట్టాను. ముప్ఫై ఒక్క ఏళ్ళలో నేను చేసిన తప్పుల్లో ఇదే పెద్దది.

పోతమ్మగారికి నా నమస్కారం చెప్పు. ఆవిడ అన్నది నిజమేనని, తొందరపడ్డానని చెప్పు. నేనూ ఎదురుచూశాననీ, అది ఆవిడ దగ్గర తప్ప ఇంకెవరి దగ్గరా ఒప్పుకోలేననీ చెప్పు.

నిన్న కీర్తన పాట వేస్తే స్పీకరు మీద చెయ్యి పెట్టి కూర్చున్నాను. గొంతు అరచేతికి తెలిసింది. ఒత్తన్నానే అన్న మాట ఎక్కడ వస్తుందో కీర్తన వేలు చూపించింది. పల్లవిలోనే మూడుసార్లు వస్తుంది.

ఒక్క కోరిక. ఆవిడ గోటితో గీకేసిన రెండక్షరాలు ఆవిడకి అక్కర్లేదు కదా, అవి నేను తీసుకుంటాను. నాకు అవసరం ఉంది. వచ్చే నెల మీ పెద్దమ్మ తద్దినం. ఈసారి బంధువులకి కార్డు రాద్దామనుకుని ఈ కాగితం వెనకే రాసి చూసుకున్నాను.

కీ.శే. చిట్టెమ్మ.

రెండుసార్లు చదివాను. అచ్చుతప్పేమీ లేదు.

పెదనాన్న